ఊయలయా, గానుగయా? – స్పిన్ నియంత్రణ శాస్త్రమున ఉపమాన విచారము

విమర్శ యనగా కావ్యవిమర్శయే యను భావము మన విద్యాలయములందు స్థిరపడి యున్నది. కాని శాస్త్రగ్రంథమును వచనమే. ఆ వచనమును పదములతోను ఉపమానములతోను నిర్మింపబడునదే. కావ్యమున ఉపమానము చెడినచో రసభంగము కలుగును. శాస్త్రమున ఉపమానము చెడినచో జ్ఞానమే చెడును. కావున శాస్త్రవచనము నందలి ఉపమానములను అలంకారశాస్త్ర దృష్టితో పరీక్షించుట తెలుగు శాఖలవారి పనియే గాని పరుల పని కాదు. అట్టి పరీక్షకు ఈ వ్యాసమున ఒక్క విషయమును గ్రహించితిని. డోలాయమానమగు విద్యుదయస్కాంత క్షేత్రముచే పరమాణు కేంద్రకముల స్పిన్‌ను వశపరచుకొనుట ఆ విషయము. నేడు నిజామాబాదు పట్టణమున ఖలీల్‌వాడి వీథులలో ఎం.ఆర్.ఐ. పరీక్షకై వచ్చు రోగి శరీరమున జరుగునది ఈ క్రియయే. దానిని తెలుగున చెప్పునపుడు మనము వాడు ఉపమానము సరియైనదా యనునదే ఇచట ప్రశ్న.

ముందుగా ఉపమేయ స్వరూపమును తెలిసికొనవలెను. ఉదజని కేంద్రకమగు ప్రోటాను ఒక సూక్ష్మమైన అయస్కాంతపు ముల్లు వంటిది. దానిని బలమైన స్థిర అయస్కాంత క్షేత్రమున నుంచినచో అది క్షేత్రదిశకు లొంగి నిలువక, ఆ దిశను అక్షముగా చేసికొని దాని చుట్టును తిరుగుచుండును. తిరుగు వేగము క్షేత్రబలమును బట్టి యుండును. ఒక టెస్లా క్షేత్రమున ప్రోటాను సెకనునకు సుమారు 4 కోట్ల 26 లక్షల సార్లు తిరుగును. ఈ స్థితిలో స్థిరక్షేత్రమునకు అడ్డముగా, సరిగా అదే వేగముతో డోలనము చేయు మరియొక దుర్బల క్షేత్రమును ప్రయోగించినచో ముల్లు క్రమముగా ఒరిగి తలక్రిందగును. ఇసిడార్ రాబీ 1937లో ఈ సిద్ధాంతమును ప్రతిపాదించి, 1938లో కొలంబియా విశ్వవిద్యాలయమున లిథియం క్లోరైడు అణువుల పుంజముతో దానిని ప్రయోగపూర్వకముగా నిరూపించెను. 1944వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు దక్కెను. ఘనద్రవ పదార్థములందు ఈ దృగ్విషయమును 1945, 46 సంవత్సరములలో కనుగొన్న బ్లాక్, పర్సెల్ అనువారలు 1952లో ఆ గౌరవము నందిరి.

ఇచట అద్భుతము దుర్బలుని విజయము. 500 మెగాహెర్ట్జుల పరికరమున స్థిరక్షేత్రము దాదాపు 11.7 టెస్లాలు. స్పిన్‌ను త్రిప్పు డోలన క్షేత్రము ఒక టెస్లాలో వేయింట ఒక వంతునకైనను చాలదు. ఇరువది వేల రెట్లు బలహీనమైనది బలవంతుని కట్టుబాటులో నున్నదానిని పది మైక్రోసెకనులలో తొంబది డిగ్రీలు త్రిప్పివైచుచున్నది. ఇది ఎట్లు సాధ్యమను ప్రశ్నకు సమాధానముగా మన పాఠములలో తరచుగా చెప్పబడునది ఊయల.

ఊయల ఉపమానమును పరిశీలింతము. బిడ్డ ఊయలలో నూగుచుండగా తల్లి ఊయల లయ ననుసరించి కొద్దికొద్దిగా నెట్టును. నెట్టు బలము స్వల్పమైనను, కాలము కుదిరినందున ఊపు పెరుగును. లయ తప్పి నెట్టినచో ఊయల నిలిచిపోవును. అట్లే డోలన క్షేత్రము స్పిన్ యొక్క సహజ వేగముతో ఏకీభవించినపుడు మాత్రమే పని చేయును. ఉపమకు అంగములు నాలుగు: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. ఇచట సమానధర్మము కాలసామ్యము. ఆ ఒక్క ధర్మము వరకు ఊయల నిర్దోషము. శబ్దశాస్త్రమునకును, రేడియో గ్రాహకమునకును ఇదియే ఉపమానము చెల్లును.

కాని బోధకుడు అచ్చట నాగడు, విద్యార్థియు నాగడు. ఊయలను సకాలమున నెట్టుచున్నకొలది ఊపు పెరుగుచునే యుండును. స్పిన్ విషయమున అట్లు కాదు. అదే డోలన క్షేత్రమును అదే వేగముతో మానక ప్రయోగించినచో స్పిన్ తలక్రిందగును. ఇంకను ప్రయోగించినచో తిరిగి తల యెత్తి మొదటి స్థితికి వచ్చును. పై పరికరముననే పది మైక్రోసెకనులకు తొంబది డిగ్రీలు, ఇరువదికి నూట యెనుబది, నలువదికి పూర్ణావృత్తి. ఏ చేయి త్రోసెనో ఆ చేయియే వెనుకకు తెచ్చును. దీనికి కారణము శక్తిసోపానములందున్నది. ఊయలకు సమానమైన మెట్లు లెక్కకు మిక్కిలిగా నున్నవి. నెట్టిన కొలది పైమెట్టు దొరకును. ప్రోటాను స్పిన్‌కు మెట్లు రెండే. రెండవ మెట్టుపై నిలిచినవానిని మరల కదల్చినచో దిగుట తప్ప గతి లేదు.

భామహుడు కావ్యాలంకారమున మేధావి మతముగా ఏడు ఉపమాదోషములను పేర్కొనెను. అవి హీనత, అసంభవము, లింగభేదము, వచనభేదము, విపర్యయము, ఆధిక్యము, అసదృశత. ఆ పరిభాషలో చెప్పవలెనన్న ఊయల యందు రెండు దోషములు కలవు. ఊపు పెరుగుట యను ధర్మము ఉపమానమున నుండి ఉపమేయమున లేదు, ఇది ఆధిక్యము. తిరిగి వచ్చుట యను ధర్మము ఉపమేయమున నుండి ఉపమానమున లేదు, ఇది హీనత. కవికి ఇవి క్షమింపదగిన లోపములు కావచ్చును. శాస్త్రబోధకునకు కావు. ఏలయన “నియంత్రణ” యను మాట యొక్క ప్రాణము ఆ తిరిగి వచ్చుట యందే యున్నది. పది మైక్రోసెకనుల కడ ఆపవలయునా, ఇరువది కడ ఆపవలయునా యని యెంచుకొనగలిగినపుడే స్పిన్ వశమైనదని చెప్పుట. ఊయలను మాత్రమే చూచిన విద్యార్థికి ఎక్కువ సేపు నెట్టిన ఎక్కువ ఫలమను భ్రమ మిగులును. వాడు సమీకరణమును కంఠస్థము చేయగలడు గాని, నలువది మైక్రోసెకనుల పిమ్మట స్పిన్ మొదటి చోటనే యేల యున్నదో చెప్పలేడు.

ఈ దోషమునకు మూలము కొంతవరకు మన పారిభాషిక పదమునందే యున్నది. ఆంగ్లమున రెజొనెన్స్ అనుదానికి మనము “అనునాదము” అంటిమి. నాదము ననుసరించి పలుకుట అని అర్థము. ఒక తీగను మీటగా దానితో శ్రుతి కలిసిన ప్రక్క తీగ మ్రోగుటకు ఇంతకన్న చక్కని పేరు లేదు. కాని కేంద్రక అయస్కాంత అనునాదము అన్నప్పుడు ఆ నాదము వెంట పెరుగుదల యను సంస్కారమును లోనికి వచ్చుచున్నది. పదమును త్రోసివేయుమని నేను చెప్పను. ఒక సందర్భమున అది అక్షరాల సార్థకము కూడ. మన ప్రాంతమున భూఅయస్కాంత క్షేత్రము నలువది మైక్రోటెస్లాలకు కొంచె మెక్కువ. ఆ క్షేత్రమున ప్రోటాను సెకనునకు సుమారు 1,800 సార్లు తిరుగును. అది మానవకర్ణము వినగల శ్రుతియే. ప్రోటాను మాగ్నటోమీటరు నందు పుట్టు విద్యుత్సంకేతమును ధ్వనిగా మార్చి వినినచో అనునాదము నిజముగా నాదమే యగును. పదము నిలువవచ్చును, దానితో వచ్చు ఊయల మాత్రము ప్రవేశద్వారము కడనే ఆగవలెను.

“ఆత్మభ్రమణము” అను పదము విషయమున ఇంత సౌమ్యముగా నుండజాలను. స్పిన్ అనుదానికి ఈ సమాసమును వాడినవారు భూమి తన చుట్టు తాను తిరుగుటను మనసున నుంచుకొనిరి. 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనువారలును ఎలక్ట్రాను గోళము వలె తిరుగుచున్నదనియే ఊహించిరి. కాని అట్లు తిరుగు గోళమైనచో దాని యుపరితలము కాంతివేగమును మించి పరుగిడవలసి యుండునని లారెంట్జ్ ఆక్షేపించెను. ఆ ఊహ పోయినది, పేరు మిగిలినది. ఆంగ్లమున అది అర్థము వాడిన రూఢిపదమైనది. తెలుగున దానిని సంస్కృత సమాసముగా అనువదించుటచే వాడిన అర్థమునకు మరల ప్రాణము పోసితిమి. రూఢిని యౌగికముగా అనువదించుట పెద్ద దోషము. కావున స్పిన్‌ను స్పిన్ అనియే వ్రాయుట మేలు. దీనికి విరుద్ధముగా, స్పిన్ అక్షము క్షేత్రదిశ చుట్టు తిరుగుటకు మన జ్యోతిశ్శాస్త్రమున ఉన్న “అయనచలన” భావము చక్కగా ఉపకరించును. భూమి యక్షము సుమారు ఇరువదియారు వేల యేండ్లకు ఒక చుట్టు చుట్టును. ప్రోటాను సెకనునకు కోట్ల చుట్లు చుట్టును. కాలపరిమాణము వేరు, చలనస్వరూప మొక్కటే. పంచాంగము చూచినవారికి అయనాంశ క్రొత్త మాట కాదు.

నిజామాబాదు మండలమున ఈ పదసమస్య ఇతర తెలుగు సీమలకంటె జటిలమైనది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1948 వరకు బోధన ఉర్దూలో జరిగెను. ఆనాడు ఉన్నతవిద్య కేగిన ఇందూరు విద్యార్థి అయస్కాంతమును మఖ్నాతీస్ అని నేర్చెను. తరువాతి తరము ఆంగ్లమున నేర్చెను. 1968లో తెలుగు అకాడమి యేర్పడిన పిదప వచ్చిన తరము తెలుగున నేర్చెను. తాతకు, తండ్రికి, మనుమనికి ఒకే వస్తువు మూడు పేర్లతో పరిచయమైనది. ఇట్టిచోట పదమును మార్చినంత మాత్రమున బోధ కుదురదు. మూడు తరములకును ఉమ్మడిగా నున్నది కన్నులార చూచిన వస్తువు. ఉపమానమును అచ్చటనే వెదకవలెను.

ఆ వస్తువు చెరకు గానుగ. 1931 నాటికి మంజీరానదిపై నిజాంసాగరము పూర్తియై కాలువనీరు పారగా బోధన్ పరిసరములు చెరకుసీమ యైనవి. 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. కర్మాగారము వచ్చినను పల్లెలలో బెల్లము వండు ఎద్దుగానుగలు ఆడుచునే యుండెను. నడుమ రోళ్లు, వానికి బిగించిన పొడవైన దూలము, దూలపు కొన కట్టిన ఎద్దు. ఎద్దు వలయాకారముగా నడచుచుండగా దూలముపై ఒక బాలుడు కూర్చుండి తోలుచుండును. గట్టుపై నిలిచినవానికి ఎద్దు గిరగిర తిరుగుచున్నది. దూలముపై నున్న బాలునకు ఎద్దు ఎల్లప్పుడును ఎదుటనే, ఒక్కచోటనే యున్నది. తిరుగుచున్నవి చెట్లును, బెల్లపు పొయ్యియు, ఊరును.

స్పిన్ నియంత్రణ రహస్యమంతయు ఈ బాలుని చూపులో నున్నది. రాబీ, రామ్సే, ష్వింగర్ అనువారలు 1954లో భ్రమణ నిర్దేశచట్రమను పేర విశదీకరించినది దీనినే. మనము స్పిన్‌తో సమానవేగమున తిరుగు దూలముపై కూర్చుంటిమనుకొనుడు. అపుడు స్పిన్ నిశ్చలముగా కనబడును. నిశ్చలముగా నున్నదనగా, మన దృష్టిలో దానిని త్రిప్పు స్థిరక్షేత్రము లేనట్లే. పదునొకండు టెస్లాల మహాబలము లెక్కలోనుండి తొలగిపోయెను. డోలన క్షేత్రమును అదే వేగముతో తిరుగుచున్నది గనుక అదియు మనకు ఒక్కచోటనే నిలిచి కనబడును. ఇక రంగమున మిగిలినది ఆ దుర్బల క్షేత్రమొక్కటే. ప్రతిద్వంద్వి లేనిచోట దుర్బలుడే ప్రభువు. స్పిన్ ఇపుడు ఆ క్షేత్రమును అక్షముగా చేసికొని తిరుగును; తొంబది డిగ్రీలు, నూట యెనుబది, పూర్ణావృత్తి. తిరిగి వచ్చుట ఇచట వింత కాదు. తిరుగునది తిరిగి రాక యేమగును? ఊయల చెప్పలేని ధర్మమును గానుగ సహజముగా చెప్పినది.

ఉపమానము యొక్క సామర్థ్యము దాని సూక్ష్మాంశములందు తేలును. డోలన క్షేత్రము నిజమునకు తిరుగునది కాదు. ముందునకు వెనుకకు ఆడునది. అట్టి యాటను ఎదురెదురు దిశలలో తిరుగు రెండు క్షేత్రముల కూడికగా భావింపవచ్చును. గానుగకు రెండెద్దులను ఎదురు దిశలలో తోలినట్లు ఊహింపుడు. ఒకటి బాలునితో పాటు సాగును. రెండవది ఒక్కొక్క చుట్టునకు రెండుమారులు బాలుని దాటిపోవును. దాని ప్రభావము ఒకమారు ఇటు, ఒకమారు అటు పడి దాదాపు రద్దగును. మిగిలిన కొద్దిపాటి శేషమును 1940లో బ్లాక్, సీగర్టు అనువారలు గణించిరి. వేగము కుదరని సందర్భమును గూడ గానుగ చెప్పగలదు. క్షేత్రపు వేగము స్పిన్ వేగమునకు కొంచెము భేదించినచో, దూలముపై నున్నవానికి స్థిరక్షేత్రము పూర్తిగా మాయము కాదు, కొంత మిగులును. అపుడు స్పిన్ తిరుగు అక్షము ఒరిగిపోవును. స్పిన్ పూర్తిగా తలక్రిందు కాజాలదు. ఆ మిగిలిన భాగము డోలన క్షేత్రమునకు సమానమైనచో తలక్రిందగు సంభావ్యత ఎన్నటికిని సగమును మించదు.

గానుగకును హద్దు కలదు. ఎద్దు ఒక చుట్టు చుట్టిన యథాస్థానమున నిలుచును. ప్రోటాను స్పిన్ మూడువందల యరువది డిగ్రీలు తిరిగినపుడు దాని తరంగఫలనము గుర్తు మారును. సంపూర్ణముగా మొదటి స్థితి కావలెనన్న రెండు చుట్లు కావలయును. ఏ ఎద్దును ఈ ధర్మమును చూపలేదు. ఈ హద్దును చెప్పి యాగుటయే బోధకుని నిజాయితీ.

ఇదే నేల మరియొక ఉపమానమును ఇచ్చుచున్నది. 1950లో ఎర్విన్ హాన్ కనుగొన్న స్పిన్ ప్రతిధ్వని నియంత్రణశాస్త్రమున ఒక మైలురాయి. ఇచటను పదము శబ్దలోకముది. కాని జరుగునది గోడకు తగిలి ధ్వని మరలుట కాదు. ఒక పల్లెనుండి చెరకుబండ్లు ఒక్కమారుగా బయలుదేరినవనుకొనుడు. ఎడ్ల సత్తువ వేరువేరు గనుక బండ్లు బాట పొడవున చెదరిపోవును. ఒక సంకేతముతో అన్నియు ఒక్క క్షణమున వెనుకకు మరలినచో, ముందున్నది ఎక్కువ దూరము, వెనుకనున్నది తక్కువ దూరము నడచి, అన్నియు ఒకే వేళ పల్లె చేరును. నూట యెనుబది డిగ్రీల త్రిప్పు ఆ సంకేతము. బండ్లు మరల గుమిగూడుట ప్రతిధ్వని. త్రోవలో ఏ యెద్దైన నడక మార్చినచో ఆ బండి వేళకు చేరదు. మరల సరిదిద్దరాని క్రమభంగమని శాస్త్రజ్ఞులు చెప్పునది ఇదియే. ఇచట ఉపమానము తన హద్దును తానే చెప్పుచున్నది. శాస్త్రోపమకు ఇంతకన్న గుణము లేదు.

స్వదేశాభిమానముచే చెరకును బలవంతముగా లాగుచున్నారని యెవరైన అనవచ్చును. కాని చెరకునకు ఈ శాస్త్రముతో ఉపమాన సంబంధమే గాక వస్తుసంబంధమును కలదు. అనునాద పరికరముల నాణ్యమును పరీక్షించుటకు ప్రయోగశాలలందు వాడు ప్రామాణిక ద్రావణములలో ఒకటి సుక్రోజు, అనగా చెరకు చక్కెర. తొంబది పాళ్లు మామూలు నీటిలో పది పాళ్లు భారజలము కలిపి, లీటరునకు రెండు మిల్లీమోలుల చక్కెరను కరగింతురు. అందు చక్కెర యందలి ఒక్కొక్క ప్రోటాను స్థానమునకు నీటి ప్రోటానులు సుమారు ఏబది వేలు. నీటి స్పిన్‌లను డోలన క్షేత్రముతో అణచివైచి, చక్కెర మెల్లని పలుకును వినగలుగుటయే పరీక్ష. ఏ స్పిన్‌ను పలికించవలెనో, దేనిని మౌనముగా నుంచవలెనో నిర్ణయించుటే నియంత్రణ.

అయితే చెరకుసీమ విద్యార్థిని ఒక విషయమున హెచ్చరింపవలెను. చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో పోలారిమీటరున్నది. నూరు మిల్లీలీటర్ల ద్రావణమున 26 గ్రాముల శుద్ధమైన చక్కెరను కరగించి, రెండువందల మిల్లీమీటర్ల గొట్టమున నింపి, సోడియము కాంతిని పంపినచో ఆ కాంతి యొక్క కంపనతలము దాదాపు ముప్పదినాలుగున్నర డిగ్రీలు తిరుగును. అచట చక్కెర కాంతిని త్రిప్పుచున్నది. ఇచట డోలన క్షేత్రము స్పిన్‌ను త్రిప్పుచున్నది. స్ఫటికములను మడ్డినుండి వేరుచేయు యంత్రము తొట్టిని త్రిప్పుచున్నది. మూటికిని తెలుగున భ్రమణమే పేరు. పదసామ్యము వస్తుసామ్యము కాదని బోధకుడు నొక్కి చెప్పవలెను.

ఈ శాస్త్రము తెలుగునేలకు పరదేశి కాదు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్రాచార్యులు కొచ్చెర్లకోట రంగధామరావుగారు (1898–1972) వర్ణపట శాస్త్రమున ఒక సంప్రదాయమును నిర్మించి, 1950 దశకమున కేంద్రక చతుర్ధ్రువ అనునాద పరిశోధనలను తమ శిష్యులతో సాగించిరి. డెమెల్ట్, క్రూగర్ అనువారలు జర్మనీలో ఈ దృగ్విషయమును ప్రకటించి అప్పటికి ఎక్కువ కాలము కాలేదు. ఈ పద్ధతిలో మహాయస్కాంతము అక్కరలేదు. స్ఫటికము లోపలి విద్యుత్ క్షేత్రపు వాలే కేంద్రకమును కట్టియుంచును. పారాడైక్లోరోబెంజీనునందలి క్లోరిను కేంద్రకము గదివేడిమి యందు సుమారు 34 మెగాహెర్ట్జుల డోలన క్షేత్రమునకు లొంగును. ఇచట గానుగ ఉపమానమునకు ఒక చక్కని పరీక్ష కలదు. స్పిన్ ఇచట మూడు సగములు. ధనదిశలో తిరుగునవి, ఋణదిశలో తిరుగునవి సమానశక్తి కలవి. కావున ఎదురెదురుగా నడచు రెండెద్దులలో ఒకటి వ్యర్థము కాదు; ఒక్కొక్కటి ఒక్కొక్క వర్గమును త్రిప్పును. ఉపమానము క్రొత్త సందర్భమున కూలక, ఇంకను స్పష్టమైనది.

ఆ పరిశోధనలు ఆంగ్లముననే వెలువడినవి. అది ఆ కాలధర్మము. పరిశోధకులను తప్పుపట్టుట తగదు. తప్పు మనది. తెలుగు ప్రయోగశాలలో ఆనాడే పండిన విషయమునకు, ఆ నేల వస్తువులతో ఒక నిర్దుష్టమైన తెలుగు వివరణను కూర్పవలసిన పని సాహిత్యశాఖలు తమది కాదనుకొనినవి. ఆ నిర్లక్ష్యముచే ఏర్పడిన శూన్యమును ఎరువు ఉపమానములు నింపినవి.

సమీకరణ మున్నచోట ఉపమానమేల యను పూర్వపక్ష మొకటి కలదు. సమీకరణము ఫలితమును చెప్పును; ఏ ప్రశ్న వేయవలెనో చెప్పదు. రాబీ ప్రభృతులును దూలమెక్కి చూచిన పిదపనే సమీకరణము సులభమైనది. చట్రము మార్చుట గణితక్రియ కాకముందు ఊహాక్రియ. ఊహ మాతృభాషయందే స్వేచ్ఛగా మెలగును.

కావున బోధకులకును, పరిశోధక విద్యార్థులకును మూడు నియమములను ప్రతిపాదించుచున్నాను. శాస్త్రోపమ యందు సమానధర్మమును లోపింపజేయరాదు. కావ్యమున లుప్తోపమ సొగసు, శాస్త్రమున ప్రమాదము. ఉపమానపు హద్దును ఉపమానముతోపాటే చెప్పవలెను. అన్యభాషలో అర్థము వాడిన రూఢిపదమును తెలుగున యౌగికముగా మేల్కొల్పరాదు.

తుదకొక్క మాట. శక్కర్‌నగరు కర్మాగారము 2015 డిసెంబరున లే ఆఫ్ ప్రకటనతో మూతపడినది. ఎద్దుగానుగలు అంతకు ముందే అరుదైనవి. దూలముపై కూర్చుండి ఎద్దును నిశ్చలముగా చూచిన కన్నులు నేడు వృద్ధులవి. ఆ చూపును వారినుండి విని వ్రాసికొనుట జానపద పరిశోధన మాత్రమే కాదు. భౌతికశాస్త్ర బోధకు సామగ్రిని కూర్చుట. ఉపమానమునకు ఆధారమైన వస్తువు మరుగైన పిదప, ఎంత నిర్దుష్టమైన ఉపమానమైనను మరియొక ఉపమానముతో వివరింపవలసిన పద్యమగును. అట్లు కాకమునుపే గానుగను పాఠ్యగ్రంథమున కెక్కింపవలెను.